తరుగు పోను

మంగళగిరిలో మా వీధి చివర చీరల కొట్టు పైన ఒక జిమ్ ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్తే ఎదురుగా గోడకి ఒక ఇత్తడి గంట కనిపిస్తుంది. గుళ్లో గంట అంత ఉంటుంది గానీ దానికి దేవుడితో పని లేదు. నిన్నటిదాకా కదలని బరువును ఇవాళ ఎత్తినవాళ్ళు వెళ్ళి ఆ గంట కొట్టాలి. కొట్టగానే తక్కినవాళ్ళంతా చేతుల్లో ఉన్నవి కింద పెట్టి చప్పట్లు కొడతారు, ఫోన్లు తీస్తారు. నెలాఖరున కేకు కోస్తారు. గంట పక్కనే తెల్ల బోర్డు. దాని మీద ఎవరు ఎంత ఎత్తారో, వచ్చే నెల ఎంత ఎత్తాలనుకుంటున్నారో రాస్తారు. ఎముకలు పలచబడుతున్నాయి, బరువులు ఎత్తండి అని డాక్టరమ్మ చెబితే నేనక్కడ చేరాను. మొన్నొక ఉదయం అరవై కిలోల బార్ నేల మీద నుంచి లేపి నిటారుగా నిలబడ్డాను. మాకు నేర్పించే సింధు అనే అమ్మాయి, నేను పనిచేసే స్కూల్లో పిల్లల కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, "మేడం, అరవై! గంట కొట్టండి!" అని ఎగిరి గంతేసింది. నేను బార్ దించి, చెమట తుడుచుకుంటూ, "యాభై ఎనిమిది," అన్నాను.

సింధు అయోమయంగా నా మొహం చూసింది, తర్వాత ప్లేట్లు చూసింది. "లేదు మేడం, అరవైయే. ప్లేట్ల మీద రాసే ఉంది కదండీ," అంది. అవును, రాసే ఉంది. ఆ మాట నేను ఆలోచించి అనలేదు, దానంతటదే నోట్లోంచి జారిపడింది, అదీ నా గొంతుతో కాదు. పాతికేళ్ళ కిందటి ఇంకొకరి గొంతుతో. గంట కొట్టకుండా చెప్పులేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. ఆ రోజంతా ఇంట్లో కాలు నిలవలేదు. పాలు పొంగబెట్టాను, ఆరేసిన బట్టలు ఆరకముందే తీసేశాను, తీసినవి మళ్ళీ ఆరేశాను. "ఏంటా తిరుగుడు, కాలుగాలిన పిల్లిలా," అన్నాడు మా ఆయన. ఆయనకి ఏం చెప్పను? తరుగు అంటే ఏమిటో చెప్పడంతో మొదలుపెట్టాలి, అక్కడి నుంచి మిరపకాయలు, కోటయ్య మాస్టారు, మా నాన్న, ఇదంతా చెప్పాలి. అంత ఓపిక నాకు లేదు. రాయడానికి కూర్చుంటే ఇప్పుడూ లేచి లేచి తిరుగుతూనే ఉన్నాను.

మా ఊరు సత్తెనపల్లికి ఆటోలో అరగంట. నల్లరేగడి, పత్తి, మిరప, అంతే. సంక్రాంతి వెళ్ళాక మొదలై ఎండలు ముదిరేదాకా ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా ఉండేవి. కోసుకొచ్చిన మిరపకాయలు ఎండబోసి, సాయంత్రాలు మంచు పడకుండా కుప్ప చేసి పట్టలు కప్పి, పొద్దున్నే మళ్ళీ నెరపాలి. కల్లంలోంచి గాలి ఇటు తిరిగితే ఇంట్లో అందరికీ ఒకేసారి తుమ్ములొచ్చేవి. చంటిపిల్లలు కూడా తుమ్మేసి మళ్ళీ నిద్రపోయేవారు. అన్నంలో, దుప్పట్లో, నా పరికిణీల్లో, పుస్తకాల్లో అదే ఘాటు. వానాకాలంలో ఆ ఘాటు పోయి నాన్న ఒంటి మీది పురుగుమందు వాసన వచ్చేది. వీపున డబ్బా కట్టుకుని పత్తి చేలో మందు కొట్టి వస్తే అమ్మ ఆయన్ని గడప తొక్కనిచ్చేది కాదు. దొడ్లోనే రెండు బిందెల నీళ్ళు గుమ్మరించి, బట్టలు కర్రతో ఎత్తి బకెట్లో పడేసేది. ఆ నీళ్ళు తోడి మోసేది నేను. బిందెలు, పచ్చగడ్డి మోపులు, తడిపిన తెలగపిండి తట్టలు, కల్లం నుంచి అరుగు మీదికి మిరపకాయల గోతాలు, అన్నీ మోసేదాన్ని. మా ఇంట్లో మగపిల్లలు లేరు. అది లోటని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు గానీ, నాకు మోయడం ఇష్టం. కూర్చోవడమే కష్టం. "దీని కాళ్ళల్లో చక్రాలున్నాయి" అని మా నాయనమ్మ అనేది.

నాయనమ్మ పగలంతా అరుగు మీద కూర్చుని కుప్పలోంచి తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, ఏరి పక్కన పడేసేది. ఏరుతున్నంతసేపూ చూపు వీధి మీదే ఉండేది. ఆవిడకొక అలవాటు. ఏదడిగినా కొంచెం తగ్గించి చెప్పేది. గేదె ఎన్ని పాలిస్తోంది అంటే సగం చెప్పేది. ఈసారి కాపెలా ఉంది అంటే "ఏదో, తిండికొస్తది" అనేది, కల్లం నిండా కాయలు పెట్టుకుని. నా వయసు కూడా ఏడాది తగ్గించే చెప్పేది. ఎందుకే అంటే, "దిష్టి తగలదా ఏంది? ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదే" అని కసిరేది. అలా మా ఇంట్లో మంచి విషయం ఏదీ పూర్తి కొలతతో గడప దాటేది కాదు. ఇక్కడ నాయనమ్మ కోసేది, అక్కడ కాటా దగ్గర వ్యాపారి కోసేవాడు.

ఆ కాటా సంగతి చెప్పాలి. మిరపకాయలు గోతాలకెత్తి, వాటిని మా వైపు టిక్కీలంటారు, కమీషన్ కొట్టుకి తోలితే, తూకం వేసినవాడు వచ్చిన బరువులోంచి ఇంత అని కొట్టేసి మిగతాది పైకి చెప్పేవాడు. తేమ ఉందని కొంత, గోతం బరువని కొంత, తాలు ఉందని కొంత. అదే తరుగు. ఎండి గలగలలాడే కాయలకి కూడా తేమ ఉండేది. నాన్న కాటా వెనకాల నిలబడి, వంగి పలక కింద చూసేవాడు, కాలితో తట్టేవాడు, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసేవాడు. అన్నీ చూసేవాడు గానీ నోరు పెగిలేది కాదు. వచ్చే యేడు విత్తనాలకీ మందులకీ మళ్ళీ ఆ కొట్టు గుమ్మమే ఎక్కాలి. ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళు తాగి, మంచం వాల్చుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఆ రోజు నాన్నని ఎవరూ పలకరించకూడదని మాకు తెలుసు. అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగేది.

నేను సత్తెనపల్లిలో డిగ్రీలో చేరాక ఒకరోజు క్లాసులో బల్ల అడ్డంగా ఉందని పక్కకి జరిపాను. దాని మీద ఇద్దరమ్మాయిలు కూర్చుని ఉన్నారు. వాళ్ళు కెవ్వుమన్నారు. వరండాలో వెళ్తున్న మేరీ రత్నం మేడం ఆగి, కిటికీలోంచి తొంగి చూసింది. ఆవిడ మా ఆటల మేడం. చర్చి వీధిలో ఉండేది, తెల్లచీర, మెళ్ళో ఈల. "ఏమ్మా, మళ్ళీ జరుపు," అంది. జరిపాను. "రేపు పొద్దున ఆరింటికి నాతో రా," అని వెళ్ళిపోయింది. ఎక్కడికి అని అడగలేదు. ఎక్కడికైనా సరే వెళ్ళాలని ఉండేది నాకా రోజుల్లో.

అది ఒక పాత పత్తి గోడౌను. పైకప్పు రేకుల కింద దూలాలకి ఎప్పటివో పత్తి పోగులు సాలెగూళ్ళలా వేలాడుతూ ఉండేవి. పక్క గోడౌనులో మిరపకాయలు. గోడకి పైన ఉన్న సందులోంచి ఘాటు దిగేది. కొత్తగా వచ్చినవాళ్ళు బరువు ఎత్తబోయి తుమ్మి వదిలేసేవాళ్ళు. ఊపిరి బిగబట్టడం మాకు మొదటి పాఠం. లేతు మిషను మీద తిప్పించిన ఇనప బార్లు, స్థానికంగా పోత పోయించిన ప్లేట్లు, అయిదు కిలోలకి తక్కువ ప్లేటు ఒక్కటీ లేదు. చేతులు జారకుండా పూసుకోవడానికి డబ్బాలో ముగ్గుపిండి. గోడకి ఆంజనేయస్వామి పటం. మూలన గోనె కప్పిన ఒక పాత కాటా, మా ఒంటి బరువు చూసుకోవడానికి. ఆడపిల్లలం నలుగురం ఉండేవాళ్ళం. మగపిల్లలు వచ్చేలోపు మా పని ముగించుకోవాలి. ఊళ్ళో ఆటో దిగగానే "మగరాయుడొచ్చాడు" అనేవాళ్ళు అరుగుల మీద. అనుకోనీ అనుకునేదాన్ని గానీ, ఇంటికెళ్ళేదాకా పళ్ళు బిగించే ఉండేదాన్ని.

దాన్ని నడిపే కోటయ్య మాస్టారు పగలు కమీషన్ కొట్లో తూకం వేసే మనిషి. కుర్రతనంలో తిరునాళ్ళలో రాతిగుండ్లు ఎత్తి పేరు తెచ్చుకున్నాడట. మెడ ఉందో లేదో తెలిసేది కాదు. ఆయన వృత్తి ఆయన నాలుక మీదే ఉండేది. ఎవరు ఎంత ఎత్తినా అందులోంచి రెండు కిలోలు తీసేసి కేకేసేవాడు. యాభై ఎత్తితే "నలభై ఎనిమిదీ!" అరవై ఎత్తితే "యాభై ఎనిమిదీ!" మొదట్లో నేను ఉండబట్టలేక అడిగాను. "మాస్టారూ, నా లిఫ్టులో తేమ ఉందాండీ?" ఆయన నవ్వలేదు. "పోటీలకెళ్తే మోకాలు వణికిందనీ, భుజం వాలిందనీ జడ్జీ అసలుకే ఎసరు పెడతాడు. ఆ కోత ఏదో ఇక్కడే కోసుకుంటే అక్కడ ఏడవక్కర్లా," అన్నాడు. అందరూ అలవాటు పడ్డారు. మా లెక్కలన్నీ తరుగు పోను లెక్కలే. నాకు మాత్రం ఒక్కరోజు కూడా మింగుడుపడలేదు.

నెలకోసారి ఆదివారం పొద్దున ఆడా మగా అందరం కలిసి మాట ఇవ్వడం అని ఉండేది. ఒక్కొక్కరం ముందుకొచ్చి, ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి, బార్ మీద చెయ్యేసి, ఈసారి ఎంత ఎత్తుతామో పైకి చెప్పాలి. మేడం మాత్రం ఓ పక్కన కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకునేది. అన్నమాట నిలబెట్టుకున్నవాళ్ళు బెల్లం తెచ్చి అందరికీ ముక్క పెట్టాలి. అదే మా కేకు. ఆ శీతాకాలం రాష్ట్ర పోటీలకి జిల్లా జట్టు వెళ్తోంది. మా గోడౌను నుంచి ఒక్క ఆడపిల్లకే చోటు. నేను బార్ మీద చెయ్యేసి "నూరు" అన్నాను. డెడ్‌లిఫ్టు, అంటే నేల మీదున్న బార్ పట్టుకుని తొడల దాకా లేపి నిలబడటం. అప్పటికి నా లెక్క తొంభై లోపే. మగపిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. కోటయ్య మాస్టారు నవ్వలేదు. "నూరు లేపితే నీ పేరే పంపిస్తా," అన్నాడు.

ఆ నెలన్నర నేను మనిషినే కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య బార్ కనిపించేది. అన్నం ముందు కూర్చుంటే నూరు, బిందె ఎత్తితే నూరు. అమ్మ పొద్దున్నే చద్దన్నంలో గడ్డపెరుగు వేసి, పైన నానబెట్టిన వేరుశనగ గింజలు, నాయనమ్మ చూడకుండా రెండు గుడ్లు పెట్టేది. "ఎంత ఎత్తుతున్నావే?" అని నాయనమ్మ అడిగితే పోటీకి పెట్టుకున్నదాంట్లో సగం చెప్పేదాన్ని. ఆవిడ తృప్తిగా తలూపేది. జట్టులోకి వెళ్ళడం అంటే నాకు ఏదో పతకం కాదు. మా ఊరి నుంచి, ఆ ఎర్రటి కల్లాల మధ్య నుంచి ఒకసారి బయటికెళ్ళి, నేనెంత ఎత్తానో అంతా మైకులో పూర్తిగా చెప్పించుకోవడం. అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు, ఇప్పుడాలోచిస్తే అది చిన్నదేం కాదు.

నూరు ఎత్తాల్సిన ఉదయం మగపిల్లలతో సహా అందరూ చూడ్డానికి వచ్చారు, నాన్న వస్తాడని మాత్రం నేననుకోలేదు. మేడం కబురు పెట్టిందట. ఆయనకి ఎటూ సత్తెనపల్లిలో పని ఉంది, దళారికి మచ్చుకాయలు చూపించాలి. గోడౌను గుమ్మం దగ్గర చెప్పులు వదిలి, ఒక చేత్తో మచ్చుకాయల గోతం, భుజాన కండువా, ఇంకో చేతిలో కాగితం పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. పొట్లంలో బెల్లం అని చూడగానే తెలిసింది, నూనె మరకలా తడి దిగి ఉంది. నేను ఎత్తకముందే తెచ్చేశాడు.

బార్ మీద నూరు కూర్చారు. ముగ్గుపిండి పూసుకున్నాను, వంగాను, పట్టు బిగించాను. మొదట కదల్లేదు. తర్వాత, ఎలాగో చెప్పలేను, నేల దాన్ని వదిలేసింది. మోకాళ్ళు దాటింది, తొడల మీదికి జరిగింది, నడుం నిటారుగా అయింది. నిలబడ్డాను. ఎదురుగా నాన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బార్ ధన్‌మని దించాను. నూరు అంటే నూరే అనుకున్నాను, ఆ ఒక్కరోజుకి తరుగు ఉండదనుకున్నాను. కోటయ్య మాస్టారు గొంతెత్తి, ఎప్పటిలాగే, "తొంభై ఎనిమిదీ!" అన్నాడు.

ఆయన లెక్కలో నూరు రావాలంటే ఇంకో రెండు కిలోలు ఎక్కించాలి. అయిదుకి తక్కువ ప్లేటు లేదు కాబట్టి నూరు తర్వాత, రెండు వైపులా అయిదేసి వేస్తే, ఎక్కించగలిగేది నూటపదే, అది నావల్ల కాదని అందరికీ తెలుసు. నాన్న గుమ్మం దిగి లోపలికొచ్చాడు. "ఏందయ్యా అది? మళ్ళీ చెప్పు," అన్నాడు.

"తొంభై ఎనిమిది, సాంబయ్యా. తరుగు. అందరికీ తీసేదే," అన్నాడు మాస్టారు.

నాన్న ముక్కుపుటాలు అదరడం అప్పుడే చూశాను. "నా కాయలకి తీశారు, ఊరుకున్నా. నా పత్తికి తీశారు, ఊరుకున్నా. నా కూతురికి కూడా తీస్తారంటయ్యా? ఏం, తేమ ఉందా దాంట్లో? తాలు ఉందా? మట్టి కలిపి తెచ్చానా?" ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. రేకులు మోగాయి. "ఆ కాటా ఇటు లాగండ్రా. తూకం నేనేస్తా ఇయ్యాల."

నలుగురు కుర్రాళ్ళు మూలనున్న కాటా మీద గోనె తీసి మధ్యకి లాగారు. నాన్న దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పలక కింద చెయ్యి పెట్టి తుడిచాడు. రాయి ఏదన్నా ఉందేమో చూశాడు. ఖాళీ కాటా మట్టంగా నిలిచేదాకా ఆగాడు. కొట్లో ఇన్నేళ్ళు తాను చేయాలనుకుని చేయలేకపోయినవన్నీ ఒక్కొక్కటే చేశాడు, ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. తర్వాత బార్, ప్లేట్లు పలక మీదికెక్కించారు. నాన్న గుండుని జరిపాడు, ఇంకాస్త వెనక్కి జరిపాడు, ఇంకాస్త. ముల్లు నిలిచింది. తొంభై ఏడున్నర.

పోతపోసినవాడు ప్లేట్లన్నీ కాస్త కాస్త తక్కువ పోశాడు. మాస్టారి తరుగు ఇంకో అరకిలో ఎక్కువ తీసి ఉంటేనే సరిగ్గా సరిపోయేది. "నాకు తెలుసు సాంబయ్యా," అన్నాడు మాస్టారు మెల్లిగా. "తెచ్చిన రోజే చూసుకున్నా. పిల్లలకి చెబితే ఉసూరుమంటారని తరుగు పేరు పెట్టా." జీవితంలో ఒక్కసారి నాన్న నోరు విప్పితే, ఆ ఒక్కసారే తరుగు న్యాయంగా ఉండాలా? నాకు ఆ కాటాని తన్నాలనిపించింది.

నాన్న లేచాడు. తర్వాత మచ్చుకాయల గోతం విప్పి, కాయలు రెండు వాటాలు చేశాడు. ఒక వాటా గోతంలోనే ఉంచి మూతి కట్టాడు, ఇంకో వాటా తన కండువాలో మూట కట్టాడు. కాటా మీద పెట్టి చూశాడు. రెండూ కలిపి రెండున్నర. "మొగ్గు ఉండాలి" అని ఇంకో గుప్పెడు కాయలు వేశాడు. బార్‌కి ఆ చివర ఒక మూట, ఈ చివర ఒక మూట పురికొసతో బిగించాడు. "ఇప్పుడు నూరు నిండా ఉంది. ఓపికుందా అమ్మాయ్?" అన్నాడు. లేదు. అయినా ఉందన్నాను.

లేచింది. ఒట్టు, లేచింది. మోకాళ్ళు కూడా దాటింది. కానీ మూటలు ఊగాయి, ఊగితే కాయలు నలిగాయి, నలిగితే ఘాటు లేచింది. ఇన్నాళ్ళు నేర్చుకున్న ఊపిరి బిగబట్టడం అప్పుడు పనికి రాలేదు. తుమ్మాను. బార్ జారింది. పడ్డ దెబ్బకి కండువా ముడి ఊడి మిరపకాయలు గోడౌనంతా చెల్లాచెదురయ్యాయి, ఎవరో కంగారులో వాటిని తొక్కారు. ఇక చూడాలి. మాస్టారు, మేడం, మగపిల్లలు, అందరం దగ్గుకుంటూ తుమ్ముకుంటూ ఒకరినొకరు తోసుకుంటూ బయటికి పరిగెత్తాం. మేడం మెళ్ళో ఈల దగ్గుతో పాటు ఎగిరెగిరి పడుతోంది. ఒక్క నాన్నే నిదానంగా నడిచి వచ్చాడు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆయనకా ఘాటు లెక్కలోది కాదు. నేను గోడకి ఆనుకుని ఏడుస్తున్నాను, అది కారం వల్ల కాదు.

"ఏడవమాక," అన్నాడు నాన్న. మాస్టారి వైపు తిరిగాడు. "సరే మాస్టారూ. కాటా నేనే వేశా, నేనే ఒప్పుకుంటున్నా. నా కూతురు నూరు ఎత్తలా. తొంభై ఏడున్నర ఎత్తింది. ఇంక దీంట్లోంచి తియ్యడానికి మీకు లేదు, నాకు లేదు, ఎవడికీ లేదు. అంతా చెప్పండి. సగం కూడా చెప్పండి."

కోటయ్య మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. కమీషన్ కొట్లో టిక్కీ తూకం చెప్పినట్టు, నడివీధిలోకి వినపడేలా కేకేశాడు. "తొంభై... ఏడున్నరా!" రోడ్డు మీద రిక్షావాడు ఆగి ఎవరి టిక్కీ అని చూశాడు. నాన్న పొట్లం విప్పి అందరికీ బెల్లం పెట్టాడు. ఆయన వేళ్ళకున్న కారం బెల్లానికి అంటుకుని ముందు తీపి, వెనక మంట. అందరూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. నేను రెండో ముక్క అడిగి తిన్నాను.

జట్టులోకి నన్ను పంపలేదు. జిల్లాలో ఇంకో ఊరి అమ్మాయి వెళ్ళింది. అది నాకు అన్యాయం అనిపించలేదు, మాట నూరనే ఇచ్చాను కదా. అన్యాయం ఆ తర్వాత జరిగింది. గోడౌన్లో కాళ్ళ కింద నలగని కాయలు ఏరుకుని నేనూ నాన్న దళారి ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చునే రెండు కాయలు తీసి విరిచాడు, గింజలు చూశాడు, వాసన చూశాడు. "తేమ కనపడతంది సాంబయ్యా," అన్నాడు. గంట కిందట రేకులు మోగించిన మనిషి నా పక్కనే ఉన్నాడు. నేను నోరు తెరవబోయాను. నాన్న నా ముంజేయి పట్టుకుని నొక్కాడు. "మీ ఇష్టమండి, చూసి వెయ్యండి," అన్నాడు. మళ్ళీ ఆటో ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నాకు స్థిమితం లేకుండా పోయింది ఆ రోజు నుంచే అనుకుంటాను. ఆ తర్వాత కూడా, బతికినన్నాళ్ళూ, కాటా దగ్గర నాన్న నోరు విప్పలేదు. ఆయన గొంతు పూర్తిగా లేచింది ఒక్కసారే, అదీ తన కాయల కోసం కాదు.

మరుసటి యేడు నూరు దాటాను, రాష్ట్ర పోటీలకీ వెళ్ళాను. అక్కడ ప్లేట్లు నిఖార్సైనవి. మైకులో నా పేరు, బరువు, అంతా చెప్పారు. నాన్న అప్పుడు పత్తిచేలో మందు కొడుతున్నాడు. విన్నాను, దిగాను, ఇంకా ఏదో కావాలని అటూ ఇటూ తిరిగాను. ఆ చదువూ ఆ ఆటా కలిసి డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది. ఎవరైనా అభినందిస్తే "ఏదో లెండి" అనేస్తాను. పిల్లలు కప్పు తెస్తే "ఇంకా బాగా ఆడాల్సింది" అంటాను. నాయనమ్మా మాస్టారూ ఇద్దరూ నా నాలుక మీద కాపురం పెట్టారు. ఇప్పటి పిల్లలు ప్రతి చిన్నదానికీ గంట కొట్టుకోవడం చూస్తే నాకు ఒక పక్క చిరాకు, ఒక పక్క కుళ్ళు. మేం దాచుకుని దాచుకుని తిన్నదాన్ని వీళ్ళు విస్తరి నిండా వడ్డించుకుంటున్నారు. అందులో ఎవరిది సరైన పద్ధతో నేను తేల్చలేను. కోటయ్య మాస్టారు లేడు, ఆ గోడౌను ఇప్పుడు టైల్సు కొట్టు. నాన్న పోయి రెండు వానాకాలాలు.

నిన్న మళ్ళీ జిమ్‌కి వెళ్ళాను. సింధు నా మొన్నటి వాలకం మనసులో పెట్టుకోలేదు. "ఇవాళ కొంచెం పెంచుదామా మేడం?" అని అరవై మీద ఇంకో రెండు ప్లేట్లు తెచ్చింది. అరచేతిలో ఇమిడే బుల్లి ప్లేట్లు. ఒక్కోటి కిలోంపావు, ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకున్నాను. నాన్న కండువాలో కట్టిన మూట బరువు ఇంతే ఉంటుంది. ఇలాంటివి రెండు ఆ రోజు మా గోడౌన్లో ఉంటే? ఉంటే నాన్న కాటా ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడు కాదు, నేను ఆ గొంతు వినేదాన్నీ కాదు. ప్లేటు ఇచ్చేశాను. వంగి పట్టు బిగించాను. ఇక్కడ ఘాటు లేదు, ఏసీ గాలి. అయినా అలవాటుగా ఊపిరి బిగబట్టాను. లేచింది. నిలబడ్డాను, నిటారుగా.

"మేడం, ఈసారైనా..." అంది సింధు భయంభయంగా, గంట వైపు చూస్తూ. వెళ్ళి కొట్టాను. గట్టిగా కొట్టాను, చెవులు గింగురుమన్నాయి. ఎవరెవరో చప్పట్లు కొట్టారు. సింధు బోర్డు దగ్గరికి పరిగెత్తి నా పేరు పక్కన అరవై రెండు అని రాసి, పెన్ను మూత పెట్టబోయింది.

"సగం కూడా రాయమ్మా," అన్నాను.